మ్యాజికల్ డైరీ హార్స్ హాల్: మొదటి పరీక్ష తప్పితే ఆట పోయినట్టేనా? సేవ్‌లు ఎలా పెట్టుకోవాలి?

వెన్నెలపిట్ట అడిగారు:

హనాకో గేమ్స్ వాళ్ల మ్యాజికల్ డైరీ: హార్స్ హాల్ మొదలుపెట్టాను, మంత్రాల బడిలో చదివే అమ్మాయి కథ ఉన్న ఆట. విండోస్, స్టీమ్ కాపీ. విజువల్ నావెల్స్, అంటే డైలాగులు చదువుతూ మధ్యమధ్య ఎంపికలు చేసే ఆటలు, నాకు కొత్త, అందుకని సందేహాలు కాస్త ఎక్కువే.

ఒకటి. ఏ క్లాసులకి వెళ్లాలో పెట్టుకునే వారం ప్లాన్‌లో ఐదు రంగుల మంత్రాల క్లాసులూ తలా కొంచెం వేస్తూ వచ్చాను. తీరా పరీక్షలో నేలమాళిగలోకి దింపాక చేతిలో ఉన్న మంత్రం ఏదీ పనికిరాలేదు. ఇలా ఒకసారి తప్పితే ఆట చెడిపోయినట్టేనా, మొదటినుంచి ఆడాలా?

రెండు. ఒకే స్లాట్ మీద మళ్లీ మళ్లీ సేవ్ చేస్తున్నాను. మౌస్ చక్రం వెనక్కి తిప్పితే డైలాగులు వెనక్కి వెళ్తున్నాయి కానీ కొంతదూరం పోయాక ఆగిపోతోంది. ఎందుకు?

మూడు. రెండో రూట్, అంటే ఇంకో పాత్రతో సాగే కథాదారి, ఆడాలంటే చదివిందంతా మళ్లీ చదవాల్సిందేనా?

నాలుగు. మా చెల్లి తొమ్మిదో తరగతి. తనకి ఈ ఆట ఇవ్వచ్చా?

వాక్‌త్రూ, అంటే అడుగడుగుకీ ఏం చేయాలో చెప్పే జాబితా, వద్దు. ఏ పరీక్షకి ఏ మంత్రమో కూడా చెప్పొద్దు ప్లీజ్, అది నేనే కనుక్కుంటాను.

---

నల్లబల్ల:

ముందు కంగారు తగ్గించుకోండి. పరీక్ష తప్పితే ఆట అయిపోదు. డీమెరిట్లు, అంటే తప్పులకి పడే చెడ్డ మార్కులు, పడతాయి, ఒకరిద్దరి చేత మాటలు పడతారు, సోమవారం మళ్లీ వస్తుంది. సెప్టెంబరు నుంచి మే దాకా ఒక బడి ఏడాదంతా నడిచే ఆట ఇది. అక్టోబరులో తప్పిన పరీక్ష కోసం మొదటికి వెళ్లడం అనవసరం. అలాగే సాగనివ్వండి. డిటెన్షన్ కూడా ఇక్కడ కథలో భాగమే.

ఇక ఎందుకు తప్పారన్నది. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, తెలుపు, నలుపు, అన్నింటికీ సమానంగా పంచారు. రెండు పడవల మీద కాళ్లు అంటామే, ఇది ఐదు పడవలు. ఒక రంగు క్లాసుకి వెళ్లేకొద్దీ ఆ రంగులోనే లోతుకి వెళ్తారు. మీకేమో ఐదు రంగుల్లోనూ మొదటి మెట్టు మంత్రాలే మిగిలాయి. వారం ప్లాన్‌లో సగం ఒక రంగుకి, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఇంకో రంగుకి ఇవ్వండి. ఏ రెండు రంగులైనా ఫర్వాలేదు. ఈ ఆటలో పరీక్షలకి ఒకే సరైన జవాబు ఉండదు కాబట్టే ఇది చెల్లుతుంది. ఒకే గదిలోంచి ఒకరు అడ్డాన్ని తీసేసి బయటపడొచ్చు, ఇంకొకరు దాని పక్కనుంచి తప్పుకుని పోవచ్చు.

మంత్రం పేరు చెప్పొద్దన్నారు కాబట్టి పద్ధతి చెబుతాను. పరీక్షకి ముందు మీ మంత్రాల జాబితా తెరిచి, ఒక్కోదాని వివరణా పూర్తిగా చదవండి. చాలామంది పేరు చూసి సరిపెట్టేస్తారు, దెబ్బ అక్కడే తగులుతుంది. చదువుతూ ప్రతి మంత్రాన్నీ మూడు గంపల్లో ఒకదాంట్లో వేయండి. నన్ను మార్చేది, ఎదురుగా ఉన్నదాన్ని మార్చేది, నాకు తెలియని సంగతి చెప్పేది. మూడో గంపని కొత్తవాళ్లు దాదాపు ముట్టుకోరు. ఎదురుగా కనిపించేది గోడో, జీవమో, మోసమో తెలియకుండానే రెండో గంపలోని మంత్రం విసిరేస్తారు. అది పనిచేయకపోతే ఇక తోచదు.

లోపలికి దిగాక మంత్రం జోలికి పోకుండా ముందు నడవగలిగినంత మేరా నడవండి. అన్ని మలుపులూ, గుడ్డిసందులూ చూడండి. కాగితం మీద గళ్లు గీసుకుంటే ఇంకా మేలు. అడుగడుగుగా కదిలే చిక్కుదారి కాబట్టి నాలుగు మలుపులు తిరిగేసరికి దిక్కు తప్పిపోతుంది. తర్వాత తెలుసుకునే మంత్రం, ఆ తర్వాతే మార్చే మంత్రం. తిరగేసి చేస్తే, అవసరమైన మంత్రం మీ దగ్గర ఉండి కూడా ఫెయిలవుతారు.

---

కప్పకుడి:

నల్లబల్ల గారి రెండు రంగుల సూత్రంతో సగమే ఒప్పుకుంటాను. రెండూ మార్చే మంత్రాల వైపే మొగ్గితే ఆయన చెప్పిన మూడో గంప ఖాళీగా ఉంటుంది. రెండు ప్రధానం, మూడోదానికి వారం విడిచి వారం ఒక క్లాసు పెట్టమంటాను. ప్రతి క్లాసు తర్వాతా మీకొచ్చిన మంత్రాల్ని ఆ మూడు గంపల లెక్కలో చూసుకుని, ఏది ఖాళీగా ఉందో దానికోసం మూడో రంగు ఎంచుకోండి. జుట్టు రంగుకి మ్యాచింగని మంత్రం రంగు ఎంచుకోకూడదు, అంతే.

---

నల్లబల్ల:

ఖాళీ గంప కోసం మూడో రంగు అనేది మంచి సవరణ. ఒప్పుకుంటున్నా. నాలుగో రంగు మాత్రం వద్దు.

---

స్లాట్‌శాస్త్రి:

రెండో ప్రశ్న నాది.

ఈ ఆట రెన్‌పై అనే ఇంజిన్, అంటే ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్, మీద చేసింది. విజువల్ నావెల్స్‌లో చాలావాటికి అదే పునాది, అందుకని ఇక్కడ నేర్చుకున్నది రేపు ఇంకో ఆటలోనూ అక్కరకొస్తుంది. మీరు చక్రం తిప్పి వెనక్కి వెళ్తున్నదాన్ని రోల్‌బ్యాక్ అంటారు. కీబోర్డులో పేజ్ అప్ కూడా అదే పని చేస్తుంది, ముందుకి రావడానికి పేజ్ డౌన్. డెవలపర్ మార్చకపోతే మామూలుగా 100 అడుగుల దాకానే వెనక్కి పోనిస్తుంది. ఒక్కో డైలాగు పెట్టె దాదాపు ఒక అడుగు అనుకోండి. కబుర్లు ఎక్కువగా ఉన్న ఒక్క సాయంత్రానికే ఆ వంద కరిగిపోతాయి. మీకు చక్రం ఆగిపోయింది అందుకే, చెడిపోయి కాదు.

రోల్‌బ్యాక్ ఉత్త అక్షరాల్నే వెనక్కి తిప్పదు. మధ్యలో మారిన లెక్కలన్నీ, ఎవరికి మీ మీద ఎంత ఇష్టం పెరిగింది, ఎన్ని డీమెరిట్లు పడ్డాయి, అన్నీ వెనక్కి పోతాయి. కాబట్టి నోరుజారి ఎంచుకున్న జవాబుని దిద్దుకోవడానికి అది చక్కగా పనికొస్తుంది. ఒక మెలిక ఉంది. అదృష్టం మీద ఆధారపడే చోట, ఇంజిన్ సొంత పాచికనే ఆట వాడుతుంటే, వెనక్కి వెళ్లి మళ్లీ అదే పని చేసినా అదే అంకె పడుతుంది. ఇరవైసార్లు తిప్పినా అంతే. ఇంకో ఎంపిక చేయాలి గానీ అదే దాన్ని పట్టుకు వేలాడకూడదు.

వారం ప్లాన్ ఉన్న ఆటలో రోల్‌బ్యాక్ చాలకపోవడానికి అసలు కారణం ఇంకోటి. మీ పరీక్ష చెడింది పరీక్ష రోజున కాదు, మూడు వారాల కింద ప్లాన్ వేసినప్పుడు. ఫలానా వాళ్లు డాన్సుకి రానన్నదీ ఆ పూట చెప్పిన జవాబు వల్ల కాదు, నెల కింద పలకరించకపోవడం వల్ల. తప్పు కనిపించే చోటుకీ జరిగిన చోటుకీ మధ్య అంత దూరం ఉన్నప్పుడు సేవ్‌లు కూడా అంత దూరం దూరంగా పెట్టుకోవాలి.

నేను చెప్పే అమరిక ఇది. సేవ్ తెరలో మొదటి పేజీలన్నీ చెట్టు మానులాంటివి. ప్రతి నెలా మొదటి వారం ప్లాన్ వేయబోయే ముందు ఒక కొత్త స్లాట్, దాని మీద మళ్లీ ఎప్పుడూ రాయకూడదు. సెప్టెంబరు నుంచి మే దాకా తొమ్మిది స్లాట్లవుతాయి. ఆ తర్వాతి పేజీ పరీక్షలది, ఒక్కో పరీక్షకి రెండేసి. ఒకటి పరీక్ష ఉన్న వారం ప్లాన్‌కి ముందు, ఇంకోటి నేలమాళిగలో అడుగుపెట్టే ముందు. నేలమాళిగ లోపల రోల్‌బ్యాక్ కాపాడుతుందని నమ్ముకోవద్దు, ఈ రెండో సేవే మీ తాడు. ఆ తర్వాతి పేజీలు కొమ్మలు, ఒక్కో పాత్రకి ఒక పేజీ.

సేవ్ చేసే క్షణం కూడా చూసుకోండి. సేవ్ పెట్టెలో కనిపించే బొమ్మ మీరు సేవ్ కొట్టిన తెర ఫోటో. ప్రతిసారీ ప్లాన్ తెర మీదే కొడితే తొమ్మిది పెట్టెల్లోనూ అదే బొమ్మ, చూసి చూసి కళ్లు కాయలు కాస్తాయి. ప్లాన్ తెర రావడానికి ఒక్క డైలాగు ముందు, ఎవరో ఒకరి ముఖం తెర మీద ఉన్నప్పుడు కొట్టండి. మీ రూమ్మేట్లలో వర్జీనియా ముఖం ఉంటే నవంబరు, ఎలెన్ ఉంటే డిసెంబరు, అలా మనసులో ముడిపడిపోతుంది. కొన్ని కొత్త రెన్‌పై ఆటల్లో సేవ్ తెర పైనున్న పేజీ పేరు మీద నొక్కి మీకు నచ్చిన పేరు పెట్టుకోవచ్చు.

ఆటోసేవ్ ఉంది కదా అనకండి. మామూలుగా దానికి ఉండేవి పది స్లాట్లే, కొత్తది వచ్చినప్పుడల్లా పాతది వెనక్కి జరిగి పదోది పోతుంది. కరెంటు పోతే ఆదుకోడానికి పెట్టింది అది.

ఇంకొకటి. ఆట తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసేముందు సేవ్ ఫోల్డరు కాపీ చేసుకోండి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, రెండు శాతం గుర్తుల మధ్య యాప్‌డేటా అని ఇంగ్లీషులో కొట్టి ఎంటర్ చేస్తే రోమింగ్ ఫోల్డరు తెరుచుకుంటుంది. అందులో రెన్‌పై, దాని లోపల ఆట పేరుతో ఫోల్డరు. మొత్తం ఫోల్డరుని పెన్‌డ్రైవ్‌లో వేసేయండి. సేవ్‌లు చాలా చిన్న ఫైళ్లు, చోటు గురించి ఆలోచించక్కర్లేదు.

---

తొక్కుడుబిళ్ల:

మూడో ప్రశ్నకి. చదివింది మళ్లీ చదవక్కర్లేదు. కంట్రోల్ కీ నొక్కి పట్టుకున్నంతసేపూ డైలాగులు పరిగెడతాయి, వదిలితే ఆగుతాయి. ట్యాబ్ ఒక్కసారి నొక్కితే దానంతటదే పరిగెడుతుంది. సెట్టింగుల్లో స్కిప్ కింద రెండు సంగతులు సరిచూసుకోండి. చదవని డైలాగుల్ని కూడా దాటెయ్యమనే ఆప్షన్ ఆపి ఉండాలి. ఎంపిక చేశాక స్కిప్ కొనసాగాలా అనేది ఆన్ చేసుకుంటే ప్రతి ఎంపిక తర్వాతా మళ్లీ ట్యాబ్ కొట్టే పని తప్పుతుంది.

ఇలా పెట్టుకున్నాక స్కిప్ మీకు గూఢచారిలా పనిచేస్తుంది. రెండో రూట్‌లో పెట్టెలు గలగలా వెళ్లిపోతూ వెళ్లిపోతూ ఒకచోట టక్కున ఆగుతాయి. ఏదో రొటీన్ పలకరింపే, పెద్ద విషయం ఏం లేనట్టే ఉంటుంది. కానీ ఆగిందంటే ఆ వాక్యం మీరు మొదటి ఆటలో చూడలేదన్నమాట. అంటే వెనక ఎక్కడో మీరు చేసిన తేడా పనికొచ్చింది, ఆ పాత్రకి మీ మీద ఉన్న లెక్క మారింది. అక్కడే సేవ్ కొట్టండి. అదే, కొత్తగా ప్రవర్తించారనుకున్న చోట అసలు ఆగకుండా వెళ్లిపోతే ఆ మార్పు ఇంకా ఎక్కడా తేలలేదని అర్థం.

ఇందులో ఒక లొసుగు ఉంది. ఇంజిన్ గుర్తుపెట్టుకునేది స్క్రిప్టులోని వాక్యాన్ని, తెర మీద కనిపించిన అక్షరాల్ని కాదు. ఒకే వాక్యంలో అంకె మాత్రం మారితే, ఉదాహరణకి మీకు పడ్డ మెరిట్లు, స్కిప్ ఆగదు. అలాగే మీరు పాత్ర పేరు మార్చి ఆడినా చదివిన వాక్యాలు చదివినట్టే లెక్క.

చదివినవాటి చిట్టా సేవ్ స్లాట్లలో ఉండదు. శాస్త్రి గారు చెప్పిన అదే ఫోల్డరులో పెర్సిస్టెంట్ అనే విడి ఫైలు ఉంటుంది, అందులో ఉంటుంది. సేవ్‌లు మాత్రమే కాపీ చేసి దీన్ని వదిలేస్తే కొత్త కంప్యూటర్లో స్కిప్ ప్రతి వాక్యం దగ్గరా మొరాయిస్తుంది. మొత్తం ఫోల్డరు కాపీ చేయమన్నది అందుకే.

హెచ్ నొక్కితే డైలాగు పెట్టె మాయమై బొమ్మ మొత్తం కనిపిస్తుంది. ఎస్ నొక్కితే స్క్రీన్‌షాట్, ఎఫ్ నొక్కితే ఫుల్‌స్క్రీన్. వి మీద పొరపాటున చెయ్యి పడితే కంప్యూటర్ గొంతు ఒకటి డైలాగులు చదవడం మొదలుపెడుతుంది, జడుసుకోకండి, మళ్లీ వి కొడితే ఆగిపోతుంది.

---

అటకమీదిపెట్టె:

చెల్లి విషయం. ఇక్కడ కాస్త కథ బయటపడుతుంది. స్పాయిలర్ వద్దనుకుంటే వెన్నెలపిట్ట గారు ఈ పేరా దాటేయొచ్చు.

ఎక్కువ భాగం నెమ్మదైన ఆటే. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో ఐరిస్ అకాడమీ అనే మంత్రాల బడి, మంత్రం తెలియని ఇంట్లో పుట్టిన పదహారేళ్ల అమ్మాయి, హాస్టల్ గదిలో ఇద్దరు స్నేహితురాళ్లు. వర్జీనియాది తరాలుగా మంత్రాల కుటుంబం, ఆటల పిచ్చి, చదువంటే చిరాకు. ఎలెన్ ఏ విషయాన్నైనా ఎందుకు, ఎలా అని తవ్వే రకం. వర్జీనియా అన్న డొనాల్డ్ కొంటె పనులు, క్లాసు కోశాధికారి ఎన్నికలు, డాన్సులు. ఇంతవరకూ ఇంటిల్లిపాదీ చూడొచ్చు. జాగ్రత్త పడాల్సినవి రెండు దారులు. డేమియన్ దారి తీయగా మొదలై నమ్మకద్రోహం వైపు తిరుగుతుంది, చిన్నవాళ్లకి అది నిజంగానే గుచ్చుకుంటుంది. ఇంకోటి గ్రాబినర్ అనే ఉపాధ్యాయుడి దారి. ఒక ప్రమాదం నుంచి తప్పించడానికి మంత్రబంధంగా విద్యార్థినితో పెళ్లి జరుగుతుంది. అభ్యంతరకరమైన దృశ్యాలేం ఉండవు, కానీ టీచరూ స్టూడెంటూ అన్న సంగతే నాకు రుచించదు. తొమ్మిదో తరగతి పిల్లకి ఇచ్చే ముందు కూర్చుని రెండు మాటలు మాట్లాడమంటాను. జత కుదరడం అబ్బాయిలతోనే కాదు, రూమ్మేట్లతో కూడా సాధ్యం, అదీ తెలిసి ఉండండి.

మొదటి ఆట రూమ్మేట్ల స్నేహం చుట్టూ ఆడమనండి. శని, ఆదివారాలు వాళ్లతో గడిపే అవకాశం వస్తే వదులుకోవద్దనండి.

భాష కష్టం కాదు, వాక్యాలు చిన్నవి. అమెరికా బడి మాటలే కొన్ని కొత్తగా ఉంటాయి. ఫ్రెష్‌మన్ అంటే మొదటి ఏడాది విద్యార్థి, అమ్మాయికైనా అదే మాట. డీమెరిట్ అంటే మన డైరీలో పడే రిమార్కు లాంటిది, కాకపోతే లెక్కపెడతారు. డిటెన్షన్ అంటే బడి అయ్యాక కూర్చోబెట్టడం, మన దగ్గర అదే క్లాసులో ఉంచేయడం అనుకుంటారు, అది కాదు. వైల్డ్‌సీడ్ అన్నది ఈ ఆట సొంత మాట, మంత్రం లేని ఇంట్లో తనంతట తాను మొలిచిన మంత్రగత్తె అని. విత్తకుండా మొలిచినదాన్ని మనం పడిమొక్క అంటామే, అదీ భావం.

ఆట ముందే ఇచ్చే పేరు మేరీ సూ. అది ఉత్త పేరు కాదు, వెక్కిరింత. రచయిత తననే కథలోకి దూర్చుకుని అన్నీ వచ్చిన అమ్మాయిలా రాసుకుంటే అలాంటి పాత్రని మేరీ సూ అంటారు. 1973లో ఒక టీవీ సీరియల్ అభిమానుల పత్రికలో వచ్చిన పేరడీ కథ నుంచి పుట్టింది ఆ మాట. పేరు మార్చుకునే వీలుంది.

---

వెన్నెలపిట్ట:

అందరికీ ధన్యవాదాలు. స్పాయిలర్ పేరా చదివేశాను, ఫర్వాలేదు. రెండు చిన్న సందేహాలు మిగిలాయి. పేరు తెలుగులో శ్రీజ అని పెట్టాలని చెల్లి పట్టు. కుదురుతుందా? ఇంకా, ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో ఏ రెన్‌పై ఆట తెరిచినా ఒక్కోసారి నల్లతెర వస్తోంది, పాట మాత్రం వినిపిస్తోంది.

---

గుడిదీర్ఘం:

పేరు సంగతి. ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టండి. శ్రీజ అన్న మాట మన కంటికి రెండక్షరాలు, కంప్యూటరుకి ఐదు ముక్కలు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, జ. ఆటలో వాడిన ఫాంటులో తెలుగు లేకపోతే ఐదు ఖాళీ డబ్బాలు వరసగా కనిపిస్తాయి. రెన్‌పై తనతో పాటు ఇచ్చే దేజావూ సాన్స్ ఫాంటులోనూ తెలుగు లేదు. సరే, ఫైళ్లలోకి దూరి తెలుగు ఫాంటు పెట్టారనుకుందాం. డబ్బాలు పోయి అక్షరాలొస్తాయి, అయినా ముక్కల్ని అతికించే పని పాత ఇంజిన్‌కి రాదు. శ పక్కన పొల్లు, దాని పక్కన ర విడివిడిగా నిలబడతాయి, రావత్తు కిందికి దిగదు. అతికించే హార్ఫ్‌బజ్ అన్న సరుకు రెన్‌పైలోకి 2023లో, 8.1 వెర్షన్‌తో వచ్చింది. హార్స్ హాల్ 2011 నాటి ఆట.

వత్తులూ గుణింతాలూ లేని కమల లాంటి పేరైతే ఫాంటు మార్చినప్పుడు బతికి బట్టకడుతుంది. కానీ ఒక్క పేరు కోసం ఫైళ్లు కెలికితే తర్వాత అప్‌డేట్ వచ్చినప్పుడు అదీ పోతుంది.

---

స్లాట్‌శాస్త్రి:

పాట వినిపించి తెర నల్లగా ఉంటే ఆట నడుస్తూనే ఉంది, గ్రాఫిక్స్ దగ్గర బెడిసింది. ఆట తెరుచుకునేటప్పుడు షిఫ్ట్ కీ నొక్కి పట్టుకోండి. తెరుచుకున్నాక నల్లతెర వస్తుంటే షిఫ్ట్, జి కలిపి నొక్కినా సరే. గ్రాఫిక్స్ మెనూ ఒకటి వస్తుంది, అందులో రెండరర్, అంటే తెర మీద బొమ్మ గీసే పద్ధతి, ఆటోమేటిక్‌గా ఉంటుంది. విండోస్‌లో పాత ఇంటెల్ చిప్ ఉన్నవాటికి యాంగిల్ అని ఉన్నదాన్ని ఎంచుకుని, ఆట మూసి మళ్లీ తెరవండి. మొదట అది చూసి, కుదరకపోతే మిగతావి ఒక్కొక్కటీ. గ్రాఫిక్స్ డ్రైవరు అప్‌డేట్ చేశాక సెట్టింగుని తిరిగి ఆటోమేటిక్‌కి మార్చడం మర్చిపోకండి, లేకపోతే నెమ్మదిస్తుంది. సేవ్‌లకి వీటితో సంబంధం లేదు.

---

కప్పకుడి:

హార్స్ హాల్ అయ్యాక అదే బడిని అబ్బాయిల హాస్టల్ వైపునుంచి చూపించే మ్యాజికల్ డైరీ: వోల్ఫ్ హాల్ ఉంది, 2020లో వచ్చింది. ముందు ఇది పూర్తిచేసి దానికి వెళ్లండి. ఇక్కడ పక్కనుంచి చూసిన డొనాల్డ్ అక్కడ ఇంకోలా అర్థమవుతాడు. దానికీ సేవ్‌ల పేజీలు వేరుగానే ఉంటాయి కాబట్టి ఇవి తుడిచేయక్కర్లేదు.